క్లస్టర్‌లో వేసిన జాబ్ ఏమైందో తెలుసుకోవడం ఎలా?

గోదావరి వరద మోడల్ నడపాలన్నా, ఉప్పాడ తీరం కోత లెక్కగట్టాలన్నా, తుపాను ఉప్పెన ఎంత లోపలికి వస్తుందో చూడాలన్నా ఇంట్లో లాప్‌టాప్ సరిపోదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న క్లస్టర్‌లో, అంటే నోడ్లు అనే చాలా కంప్యూటర్లని కలిపి కట్టిన పెద్ద యంత్రంలో, మీకొక అకౌంటు ఇస్తారు. మీరు కాకినాడలోనో భీమవరంలోనో కూర్చుని లాగిన్ అవుతారు, స్క్రిప్టు రాసి జాబ్ (క్లస్టర్‌కి అప్పగించే పని) సబ్మిట్ చేస్తారు. ఒక నంబరు వస్తుంది. ఇక అప్పటి నుంచి టెన్షన్. అసలు మొదలైందా? నడుస్తోందా? మధ్యలో ఆగిపోయిందా?

ఆ టెన్షన్‌లో చాలామంది జాబ్‌ని క్యాన్సిల్ చేసి మళ్లీ వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా క్లస్టర్లలో క్యూలో ఎంతసేపు ఆగారన్నదానికి కూడా పాయింట్లు ఉంటాయి. క్యాన్సిల్ చేయగానే అవన్నీ పోతాయి, మళ్లీ మొదటికి వస్తారు. ఏ జాబ్ ఎప్పుడు, ఏ నోడ్లలో నడవాలో నిర్ణయించే ప్రోగ్రాంని షెడ్యూలర్ అంటారు. జాబ్ ఎందుకు ఆగిందో ఆ షెడ్యూలరే కారణంతో సహా చెబుతుంది. ఏ సంగతి ఏ కమాండ్‌ని అడగాలో తెలుసుకుంటే చాలు.

ఇక్కడ చెప్పేది స్లర్మ్ అనే షెడ్యూలర్ గురించి. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద మన దేశంలో పెట్టిన పరమ్ యంత్రాల్లో, ఉదాహరణకి బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న పరమ్ ప్రవేగలో, జాబులు నడిపించేది ఇదే. పీబీఎస్ అనే వేరే షెడ్యూలర్ ఉన్న క్లస్టర్ అయితే కమాండ్ల పేర్లు మారతాయి, వాటి సంగతి కూడా కొంత చెబుతాను. కమాండ్లను పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి.

కరెంటు పోతే జాబ్ పోదు

జూలై, ఆగస్టుల్లో కోనసీమలో గాలీవానా పట్టుకుంటే కరెంటు పోతుంది, దాని వెనకే నెట్ పోతుంది. క్లస్టర్‌లో లాగిన్ కూడా తెగిపోతుంది. రాత్రంతా నడవాల్సిన పని కాస్తా పోయిందని కొత్తవాళ్లు బెంబేలెత్తిపోతారు. స్క్రిప్టుని సబ్మిట్ చేసే ఎస్‌బ్యాచ్ కమాండ్‌తో వేసిన జాబ్‌కి మీ లాప్‌టాప్‌తో పనిలేదు. నంబరు చేతికొచ్చిన క్షణం నుంచి అది షెడ్యూలర్ బాధ్యత. లాప్‌టాప్ మూసేసి పడుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ లాంటి యాప్ ఉంటే, మీ క్లస్టర్ బయటి నుంచి లాగిన్‌ని అనుమతిస్తే, ఫోన్‌లోంచే జాబ్ ఎలా ఉందో చూసుకోవచ్చు.

ఎస్‌రన్, ఎస్‌అలాక్ కమాండ్లతో నేరుగా టెర్మినల్లో కూర్చుని నడిపే పని మాత్రం అలా కాదు. కనెక్షన్ తెగితే దాంతోపాటే అదీ పోతుంది. అలాంటి పని తప్పనిసరైతే లాగిన్ నోడ్‌లో (మీరు లాగిన్ అయ్యే కంప్యూటర్లో) ముందు టీమక్స్ అనే, కనెక్షన్ తెగినా టెర్మినల్‌ని నిలిపి ఉంచే ప్రోగ్రాం తెరిచి, అందులో మొదలుపెట్టండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సబ్మిట్ చేసేటప్పుడే స్లర్మ్ మీ స్క్రిప్టుకి ఒక కాపీ తీసి తన దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత మీరు ఆ స్క్రిప్టు ఫైలు మార్చినా క్యూలో ఉన్న జాబ్‌కి ఆ మార్పు అందదు. మోడల్ ఇన్‌పుట్ ఫైళ్లు అలా కాదు, వాటిని జాబ్ మొదలయ్యాకే చదువుతుంది. కాబట్టి జాబ్ క్యూలో ఉండగా వర్షపాతం ఫైలునో, నది అడ్డుకోతల ఫైలునో మార్చారంటే కొత్త అంకెలతో జాబ్ నడుస్తుంది, అది పాత అంకెలతో నడిచిందని మీరు అనుకుంటారు. ప్రతి జాబ్‌కీ వేరే ఫోల్డరు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మొదట అడగాల్సింది ఎస్‌క్యూని

ఎస్ అక్షరం, దానికి అంటుకుని క్యూ అనే ఇంగ్లీషు మాట పూర్తి స్పెల్లింగు. ఇంతే కమాండ్. ఉత్తగా కొడితే క్లస్టర్‌లో అందరి జాబులూ వరసగా వచ్చిపడతాయి. మీవి మాత్రమే కావాలంటే ఒక ఖాళీ వదిలి, రెండు మైనస్ గుర్తులు, వాటికి అంటించి ఎం, ఈ అనే రెండు అక్షరాలు కొట్టండి. పాత వెర్షన్ అయి అది పనిచేయకపోతే ఒక మైనస్, యూ అక్షరం, ఖాళీ, మీ యూజర్ పేరు.

వరసలో మొదట జాబ్ నంబరు ఉంటుంది, తర్వాత పార్టిషన్ (నోడ్ల గుంపు) పేరు, జాబ్ పేరు, యూజర్ పేరు. జాబ్ పేరు దగ్గర ఎస్‌క్యూ మామూలుగా మొదటి ఎనిమిది అక్షరాలే చూపిస్తుంది. ఇంగ్లీషులో గోదావరి అని రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు. గోదావరి గౌతమి, గోదావరి వశిష్ఠ, గోదావరి వైనతేయ అని మూడు జాబులు వేస్తే మూడూ గోదావరి అనే కనిపిస్తాయి, ఏది ఏదో తేలదు. పాయ పేరు ముందు పెట్టండి, నది పేరు వెనక పెట్టినా ఫరవాలేదు.

ఆ తర్వాత ఎస్‌టీ అనే నిలువు వరస. పీడీ అంటే ఇంకా ఎదురుచూస్తోంది. ఆర్ అంటే నడుస్తోంది. సీజీ అంటే పని అయిపోయి సర్దుకుంటోంది. సీజీ ఒకటి రెండు నిమిషాలు ఉంటే మామూలే. గంటలకొద్దీ అలాగే ఉంటే నోడ్‌లోనో డిస్కులోనో ఏదో చిక్కుంది, అడ్మిన్‌కి చెప్పాలి. దాని పక్కన టైమ్ అని ఉండేది జాబ్ నడిచిన సమయం, క్యూలో ఆగిన సమయం కాదు. అందుకే పీడీలో ఉన్న జాబ్‌కి అక్కడ సున్నాలే ఉంటాయి. సున్నా చూసి జాబ్ పాడైందనుకోకండి.

అన్నిటికన్నా కుడివైపున ఉన్న వరసే ముఖ్యమైంది. జాబ్ నడుస్తుంటే అక్కడ నోడ్ల పేర్లు ఉంటాయి. ఎదురుచూస్తుంటే బ్రాకెట్లలో కారణం ఉంటుంది. తెర చిన్నదైతే ఈ వరస కిందికి మడతపడి కనిపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని చదవరు. చదవాల్సింది అదే.

ఎందుకు ఆగింది?

ప్రయారిటీ అని ఉంటే మీకంటే ముందు వేరేవాళ్లు ఉన్నారు. రిసోర్సెస్ అని ఉంటే మీ వంతు దగ్గరికొచ్చింది, అడిగినన్ని నోడ్లు ఖాళీ కావడమే మిగిలింది. ఆ మాట కనిపించిన జాబ్‌ని ఎట్టి పరిస్థితిలోనూ క్యాన్సిల్ చేయకూడదు.

అయితే వెనక వేసినవాళ్ల జాబ్ ముందు మొదలైందేమిటని చాలామంది ఉడుక్కుంటారు. నరసాపురం రేవులో పంటు ఎక్కించే తీరు చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. లారీకి తగిన చోటు ఈ విడతలో లేదు, అది రేవులో ఆగింది. ఉన్న సందుల్లో వెనక వచ్చిన మోటారు సైకిళ్లు ఎక్కేస్తాయి. వాటివల్ల లారీకి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదు. స్లర్మ్ చేసేదీ ఇదే, దీన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. పెద్ద జాబ్‌కి ఎనిమిది నోడ్లు పోగయ్యేలోపు, ఖాళీగా ఉన్న మూడు నాలుగు నోడ్ల మీద ఆ వ్యవధిలో ముగిసే చిన్న జాబుల్ని నడిపిస్తుంది. అది ముగుస్తుందో లేదో షెడ్యూలర్‌కి తెలిసేది మీరు స్క్రిప్టులో రాసిన టైమ్ లిమిట్ బట్టే. ఐదు గంటల్లో అయ్యే పనికి భయంకొద్దీ మూడు రోజులు రాస్తే ఆ సందుల్లో మీకు చోటు దొరకదు. ముందు చేసిన రన్‌కి పట్టిన సమయం చూసి, దానికి పాతిక శాతం కలిపి రాయడం మంచిదని నా అభిప్రాయం.

ఎక్కువ సమయం రాసేసి ఇప్పటికే క్యూలో ఉన్నా ఫరవాలేదు. ఎస్‌కంట్రోల్ అప్‌డేట్ కమాండ్‌తో మీ జాబ్ టైమ్ లిమిట్‌ని మీరే తగ్గించుకోవచ్చు. క్యూలో మీ వంతు పోదు. పెంచుకోవడం మాత్రం మీ చేతిలో ఉండదు, అడ్మినే పెంచాలి.

క్యూఓఎస్ అని గానీ అసోక్ అని గానీ మొదలయ్యే పొడుగు కారణం కనిపిస్తే అది మీ పరిమితి సంగతి. మీరో, మీ గైడ్ గ్రూపులో ఇంకొకరో ఒకేసారి వాడదగిన కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కచేసే భాగాల) పరిమితి దాటారు. నడుస్తున్నవి కొన్ని ముగిస్తే మీది దానంతటదే మొదలవుతుంది. పార్టిషన్ టైమ్ లిమిట్ అని ఉంటే మాత్రం ఎన్నాళ్లాగినా మొదలవదు. ఆ పార్టిషన్ ఇచ్చేదానికన్నా ఎక్కువ గంటలు అడిగారు, తగ్గించాల్సిందే. మెయింటెనెన్స్ కోసం నోడ్లు రిజర్వ్ చేసినట్టు కనిపిస్తే మీ జాబ్ ముగిసే సమయం ఆ మెయింటెనెన్స్ సమయంలోకి జరుగుతోందని అర్థం. బుధవారం పొద్దున యంత్రం ఆపుతారంటే, మంగళవారం రాత్రి వేసిన ఇరవై నాలుగు గంటల జాబ్ కదలదు, ఆరు గంటల జాబ్‌కి అవకాశం ఉంటుంది.

డిపెండెన్సీ అనేది వరద పని చేసేవాళ్లకి తరచుగా ఎదురవుతుంది. వర్షపాతం జాబ్ అయ్యాకే నది ప్రవాహం జాబ్, అది అయ్యాకే లంకల్లో ముంపు లెక్కగట్టే జాబ్ మొదలవ్వాలని గొలుసు కడతాం. ముందుది నడుస్తున్నంతసేపు డిపెండెన్సీ అని కనిపించడం సరైనదే. కానీ ముందు జాబ్ విఫలమైతే వెనకదానికి డిపెండెన్సీ నెవర్ సాటిస్‌ఫైడ్ అని వస్తుంది. చాలాచోట్ల ఆ జాబ్ దానంతటది తొలగిపోదు, ఎన్నాళ్లయినా క్యూలో అలాగే పడి ఉంటుంది. ఇది కనిపించినప్పుడు మాత్రం ఎస్‌క్యాన్సిల్ వాడండి, ముందు జాబ్ సరిచేసి గొలుసు మళ్లీ కట్టండి.

జాబ్ హెల్డ్ యూజర్ అని ఉంటే మీరే దాన్ని పట్టి ఆపారు, ఎస్‌కంట్రోల్ రిలీజ్ అని జాబ్ నంబరు ఇస్తే వదులుతుంది. హెల్డ్ అడ్మిన్ అంటే వాళ్లనే అడగాలి.

ఒకే మోడల్‌ని చాలా సందర్భాలకి నడిపేటప్పుడు అర్రే జాబ్ వేస్తారు, అంటే ఒకే స్క్రిప్టుతో చాలా టాస్కులు ఒకేసారి సబ్మిట్ చేస్తారు. ధవళేశ్వరం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు కదా, మట్టానికొక టాస్కు చొప్పున మూడు టాస్కుల అర్రే అనుకోండి. ఎస్‌క్యూలో ఎదురుచూసే టాస్కులన్నీ ఒకే వరసలో కుదించి ఉంటాయి, జాబ్ నంబరు పక్కన అండర్‌స్కోర్ గీత, స్క్వేర్ బ్రాకెట్లలో టాస్కుల నంబర్లు ఉంటాయి. మొదలైన టాస్కు మాత్రం విడిపోయి సొంత వరసలో కనిపిస్తుంది. అన్నీ విడివిడిగా చూడాలంటే మైనస్ ఆర్ చేర్చండి.

ఎప్పుడు మొదలవుతుందో అంచనా కావాలంటే ఎస్‌క్యూకి రెండు మైనస్‌లతో స్టార్ట్ అని చేర్చాలి. వచ్చే సమయం ఈ క్షణానికి ఉన్న అంచనా మాత్రమే. ముందున్నవాళ్ల జాబులు త్వరగా ముగిస్తే అది ముందుకి జరుగుతుంది, ఎక్కువ ప్రయారిటీ ఉన్న జాబ్ వస్తే వెనక్కి పోతుంది. దాన్నిబట్టి గైడ్‌కి మాట ఇవ్వకండి. వేరే దేశపు క్లస్టర్ అయితే ఆ సమయం సాధారణంగా అక్కడి గడియారం ప్రకారం ఉంటుంది. అమెరికాలో చదువుతూ సెలవులకి అమలాపురం వచ్చినవాళ్లు ఆ తేడా కలుపుకుని చూసుకోవాలి.

ఆర్ అని ఉంది, కానీ నిజంగా పని జరుగుతోందా?

ఆర్ అంటే నోడ్లు మీకు ఇచ్చారని, స్క్రిప్టు మొదలైందని అర్థం. మోడల్ ముందుకి కదులుతోందని ఆ అక్షరం చెప్పదు. అది అవుట్‌పుట్‌లోనే చూడాలి.

మీరు వేరే పేరు ఇవ్వకపోతే, మీరు ఏ ఫోల్డరులోంచి సబ్మిట్ చేశారో అక్కడే స్లర్మ్, మైనస్ గీత, జాబ్ నంబరు, చివర చుక్క, అవుట్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. మామూలు సందేశాలూ, ఎర్రర్లూ రెండూ దాంట్లోకే వస్తాయి. టెయిల్ మైనస్ ఎఫ్ అని ఆ ఫైలు పేరు ఇస్తే కొత్త వరసలు వచ్చినవి వచ్చినట్టు కనిపిస్తాయి. ఫోల్డరు ఏదో గుర్తు లేకపోతే ఎస్‌కంట్రోల్ షో జాబ్ అని నంబరు ఇవ్వండి. అవుట్‌పుట్ ఫైలు చిరునామా, వర్క్ ఫోల్డరు, మొదలైన సమయం, ముగియాల్సిన సమయం అన్నీ చూపిస్తుంది.

ఆ ఫైలు ఖాళీగా ఉన్నంతమాత్రాన జాబ్ చచ్చిపోయినట్టు కాదు. పైథాన్ లాంటివి తెరమీదికి వెంటనే రాస్తాయి గానీ ఫైల్లోకి రాసేటప్పుడు కొంత పోగుచేసి ఒకేసారి రాస్తాయి. పైథాన్‌ని మైనస్ యూతో నడిపితే వరస వరస వెంటనే వస్తుంది. మోడల్ సొంత లాగ్ ఫైలు ఉంటే అది ఇంకా నమ్మదగింది. అందులో మోడల్ గడియారం చూడండి. గంట క్రితం ఆగస్టు 12 దగ్గర ఉంది, ఇప్పుడు ఆగస్టు 14 దగ్గర ఉంది అంటే, ఆగస్టు 20 దాకా వెళ్లడానికి ఇంకా మూడు గంటలు కావాలి. జాబ్‌కి మిగిలిన సమయం అంతకన్నా తక్కువైతే ఇప్పుడే అడ్మిన్‌కి రాయండి, లేదా మోడల్ రీస్టార్ట్ ఫైలు (ఆగినచోటి నుంచి మళ్లీ నడపడానికి పనికొచ్చే ఫైలు) రాస్తోందో లేదో చూసుకోండి. టైమ్ లిమిట్ అయిన క్షణాన స్లర్మ్ ముందు ఆగమని సంకేతం పంపి, మామూలుగా 30 సెకన్లలో బలవంతంగా ఆపేస్తుంది. రీస్టార్ట్ ఫైలు లేకపోతే అంతా పోయినట్టే.

లాగ్ ఫైలు ఎంతకీ కదలకపోతే ఎస్‌స్టాట్ కమాండ్‌కి జాబ్ నంబరు, చుక్క, బ్యాచ్ అని ఇచ్చి సీపీయూ సమయం, మెమరీ చూడండి. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసినా సీపీయూ సమయం పెరగకపోతే ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుంది. స్క్రిప్టులో ఎస్‌రన్ పెట్టి మోడల్‌ని నడిపితే ఆ లెక్క బ్యాచ్ కింద రాదు, చుక్క తర్వాత సున్నా పెట్టి చూడాలి.

ఎస్‌క్యూలో కనిపించడం లేదు

ముగిసిన జాబ్ ఎస్‌క్యూలోంచి వెళ్లిపోతుంది. ముగిసినవాటి వివరాల్ని షెడ్యూలర్ తన మెమరీలో మామూలుగా 300 సెకన్లే ఉంచుకుంటుంది. తర్వాత ఎస్‌కంట్రోల్‌ని అడిగితే అలాంటి నంబరే లేదంటుంది. రికార్డు ఎక్కడికీ పోలేదు, అది వేరే డేటాబేస్‌లో ఉంది. దాన్ని చూపించేది ఎస్‌యాక్ట్. ఎస్, ఏ, సీ, సీ, టీ అనే ఐదు అక్షరాలు. మైనస్ జే, జాబ్ నంబరు ఇవ్వండి. నంబరు ఇవ్వకుండా కొడితే ఈరోజు అర్ధరాత్రి నుంచి ఉన్నవే చూపిస్తుంది. నిన్నటి జాబ్ కనిపించలేదంటే కారణం అదే, స్టార్ట్ టైమ్ ఆప్షన్‌తో తేదీ ఇస్తే వస్తుంది.

ఒక్క జాబ్‌కే మూడు నాలుగు వరసలు రావడం చూసి కంగారు పడకండి. మొదటిది మొత్తం జాబ్, బ్యాచ్ అని ఉన్నది మీ స్క్రిప్టు, సున్నా, ఒకటి అంకెలున్నవి ఎస్‌రన్‌తో నడిపిన భాగాలు.

స్టేట్ వరసలో టైమ్‌అవుట్ అని ఉంటే సమయం చాలలేదు. నోడ్ ఫెయిల్ అంటే యంత్రం తప్పు, మీది కాదు. అవుట్ ఆఫ్ మెమరీ అనే మాట చోటు చాలక సగంలో తెగి, చివర ప్లస్ గుర్తుతో కనిపిస్తుంది. అప్పుడు మాక్స్ ఆర్‌ఎస్‌ఎస్ అనే అంకె కూడా అడిగి చూడండి, ప్రోగ్రాం గరిష్ఠంగా ఎంత మెమరీ వాడిందో తెలుస్తుంది. ఆ అంకె మొదటి వరసలో ఉండదు, బ్యాచ్ వరసలోనో అంకెలున్న వరసలోనో ఉంటుంది. స్లర్మ్ దాన్ని మామూలుగా 30 సెకన్లకోసారే కొలుస్తుంది కాబట్టి క్షణంలో పెరిగిపోయిన మెమరీ అందులో పడకపోవచ్చు. అంకె మీరు అడిగినదానికన్నా తక్కువగా ఉన్నా అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాటనే నమ్మండి.

ఫెయిల్డ్ అని ఉంటే ఎగ్జిట్ కోడ్ చూడాలి. రెండు చుక్కలకి అటూ ఇటూ రెండు అంకెలుంటాయి. ఎడమది ప్రోగ్రాం తిరిగిచ్చిన అంకె, కుడిది దాన్ని ఆపిన సిగ్నల్. కుడివైపు 9 ఉంటే ఎవరో బలవంతంగా ఆపారు. ఎడమవైపు 137 ఉన్నా అదే అర్థం, 128కి 9 కలిపితే వచ్చేది.

కంప్లీటెడ్ అని, ఎగ్జిట్ కోడ్ రెండువైపులా సున్నా అని వచ్చినా ఊరుకోకండి. స్లర్మ్ చూసేది మీ స్క్రిప్టులో చివరి కమాండ్ ఏమైందన్నదే. మోడల్ మధ్యలో కూలిపోయినా, దాని కింద అయిపోయింది అని ప్రింట్ చేసే వరస ఒకటి ఉంటే, ఆ వరస సక్రమంగా నడిచింది కాబట్టి జాబ్ కంప్లీటెడ్ అయిపోతుంది. స్క్రిప్టు మొదట్లో, ఎస్‌బ్యాచ్ ఆప్షన్లు రాసిన వరసల కింద, సెట్ మైనస్ ఈ అని ఒక వరస పెడితే ఏ కమాండ్ విఫలమైనా అక్కడే ఆగి ఫెయిల్డ్ అని వస్తుంది. ఆ తర్వాత ఫలితం కూడా ఒకసారి చూడండి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గరిష్ఠ ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఆ వరదకి నడిపిన మోడల్ 3 లక్షలు చూపిస్తుంటే స్టేట్ వరసలో ఏమున్నా ఆ రన్ పనికిరాదు.

పీబీఎస్ ఉన్న క్లస్టర్‌లో ఎస్‌క్యూ బదులు క్యూస్టాట్. క్యూ అంటే ఎదురుచూస్తోంది, ఆర్ నడుస్తోంది, హెచ్ పట్టి ఆపారు. ఆగిన కారణం క్యూస్టాట్ మైనస్ ఎఫ్‌లో కామెంట్ అనే వరసలో ఉంటుంది. పీబీఎస్ ప్రో అయితే ముగిసిన జాబులకి మైనస్ ఎక్స్.

ఎన్నిసార్లు చూడాలి?

వాచ్ కమాండ్ పెట్టి సెకనుకోసారి ఎస్‌క్యూ నడిపేవాళ్లున్నారు. ఎస్‌క్యూ కొట్టిన ప్రతిసారీ ప్రశ్న ఒకే ఒక కంట్రోలర్‌కి వెళ్తుంది. అందరి జాబుల్నీ నడిపించేది అదే. వందమంది సెకనుకోసారి అడిగితే అది జవాబులు చెప్పడంలోనే మునిగిపోతుంది, మీ జాబ్ సహా క్యూలో ఉన్నవన్నీ మొదలవడం ఆలస్యమవుతుంది. ఐదు నిమిషాలకోసారి చూస్తే చాలు. అసలు మంచి పద్ధతి ఈమెయిల్. స్క్రిప్టులో మెయిల్ టైప్ ఆప్షన్ దగ్గర ఎండ్, ఫెయిల్ అని రాసి మీ అడ్రస్ ఇస్తే, క్లస్టర్‌లో మెయిల్ సదుపాయం ఉంటే, ముగియగానే ఉత్తరం వస్తుంది. టైమ్ లిమిట్ 80 అని కూడా చేర్చండి, సమయంలో 80 శాతం అయిపోగానే కబురు వస్తుంది. అడ్మిన్‌ని సమయం పెంచమని అడగడానికి అప్పుడు వ్యవధి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే హెల్ప్‌డెస్క్‌కి రాయండి. నా జాబ్ రావట్లేదు సార్ అని ఒక్క వాక్యం రాస్తే వాళ్లు నంబరు అడుగుతూ తిరుగు మెయిల్ పెడతారు, ఒక రోజు పోతుంది. జాబ్ నంబరు, యూజర్ పేరు, ఎస్‌క్యూలో కనిపించిన కారణం లేదా ఎస్‌యాక్ట్‌లో వచ్చిన స్టేట్, ఎగ్జిట్ కోడ్, స్క్రిప్టు ఉన్న ఫోల్డరు చిరునామా, అవుట్‌పుట్ ఫైల్లో చివరి ఇరవై వరసలు ఒకే మెయిల్‌లో పెట్టండి. తెరని ఫోన్‌తో ఫొటో తీసి పంపకండి, టెక్స్ట్‌గానే కాపీ చేసి అతికించండి. అలా పంపితే వాళ్లు ఆ నంబరూ, ఎర్రరూ కాపీ చేసి నేరుగా వెతుక్కోగలరు.